చర్చి తాళం కన్నంలో ఊదినవాడు

క్రిస్మస్ ముందు రాత్రి కావచ్చు, డిసెంబర్ 31 రాత్రి కావచ్చు. పొద్దుటినుంచీ ఏమీ తినకూడదు. నిప్పు కంటబడకూడదు, అంటే పొయ్యి లేని చీకటి గదిలో ఒక్కడే కూర్చోవాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు. ఎక్కడికి వెళ్తున్నాడో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు. అర్ధరాత్రి దగ్గరపడ్డాక మంచులో అడవిదారి పట్టి ఊరి చర్చి దాకా నడవాలి. చర్చి చుట్టూ అప్రదక్షిణంగా తిరగాలి. తిరిగి తలుపు దగ్గర ఆగి, తాళం కన్నంలోకి ఊదాలి.

ఆ ఊదటంతో అతనిలోని క్రైస్తవం బయటికి పోతుందట. బాప్తిస్మం ఇచ్చిన రక్షణ ఆ కాసేపూ ఉండదు. రక్షణ లేదు కాబట్టే మామూలు మనిషికి కనబడనివన్నీ కనబడతాయి: వచ్చే ఏడాది ఆ ఊళ్ళో ఎవరు పోతారు, పంట ఎలా ఉంటుంది, యుద్ధం వస్తుందా, ఎవరిల్లు తగలబడుతుంది. చూడాల్సింది చూశాక మళ్ళీ తాళం కన్నం దగ్గర ఊది, వదిలిన మతాన్ని వెనక్కి తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి.

దీన్ని స్వీడిష్ భాషలో ఓర్స్‌గోంగ్ అంటారు. ఏడాది నడక అని అర్థం. 17వ శతాబ్దం నుంచీ దీని గురించి రాతలు దొరుకుతున్నాయి. ఎక్కువగా దక్షిణ స్వీడన్‌లో, ముఖ్యంగా స్మోలాండ్, బ్లేకింగే ప్రాంతాల్లో. స్వీడన్ బయట దాని పేరు కూడా ఎవరికీ తెలియదు, 2013 దాకా. ఆ ఏడాది ఫిబ్రవరిలో మాల్మో నగరంలోని సిమోగో అనే చిన్న స్టూడియో ‘ఇయర్ వాక్’ అనే గేమ్ విడుదల చేసింది. మొదట ఐఫోన్‌కీ ఐప్యాడ్‌కీ. తర్వాత 2014లో కంప్యూటర్లకి, 2015లో వీ యూకి వచ్చింది. సైమన్ ఫ్లెసర్, మాగ్నుస్ గార్డెబెక్ ఇద్దరూ కలిసి నడిపే స్టూడియో అది. కథ యూనాస్ తారెస్తాద్ ఒక చిన్న సినిమా కోసం రాసుకున్న స్క్రిప్టు నుంచి వచ్చింది. సంగీతం డేనియల్ ఓల్సేన్.

ఆడటానికి రెండు మూడు గంటలు చాలు. కానీ ఆ రెండు మూడు గంటల వెనక దాదాపు మూడొందల ఏళ్ళ ఊరి భయాలున్నాయి. ఈ వ్యాసం గేమ్ గురించి కొంత, ఆ భయాల గురించి ఎక్కువ.

*

ముందు గేమ్. తెల్లటి మంచు, నల్లటి చెట్లు, కాగితం కత్తిరించి అతికించినట్టుండే బొమ్మలు. ఎడమకీ కుడికీ నడుస్తాం. ఎక్కడో ఒకచోట ముందుకి జరిగితే ఇంకో వరస చెట్లు, దాని వెనక ఇంకో వరస. మొదట వచ్చిన ఐప్యాడ్ వెర్షన్లో మ్యాప్ లేదు. దారి తప్పుతాం. తప్పాలనే చేశారు. పక్కన కాగితం పెట్టుకుని దారి గీసుకుంటేనే పని జరుగుతుంది.

కొట్టడానికి కత్తి లేదు, ప్రాణాలు లెక్కపెట్టే గీత లేదు. వినాలి, గుర్తుపెట్టుకోవాలి, తాకాలి, అంతే. అడుగు వేస్తే మంచు నలిగే చప్పుడు. చాలాసేపటిదాకా ఇంకే శబ్దమూ లేదు. భయపెట్టే ఆటల్లో ఏదో ఒకటి మీదకి దూకుతుంది కదా, ఇందులో ఆ దూకటాలు బహు తక్కువ. ఏమీ జరగని అడవిలో మన అడుగుల చప్పుడు మనమే వింటూ పోతుంటే కలిగే దిగులు మాత్రం చాలా ఉంది.

కథానాయకుడు డేనియల్ స్వెన్సన్. ప్రేమించిన అమ్మాయి స్టీనా. ఆమెని ఇంకొకడు పెళ్ళాడతానని అడిగాడు. ఆమె ఏం చేస్తుందో, తన బతుకు ఏమవుతుందో తెలుసుకోవాలని డేనియల్ ఏడాది నడకకి బయల్దేరతాడు. వద్దని స్టీనా ముందే హెచ్చరిస్తుంది. దారిలో అడవి స్త్రీ, వాగు గుర్రం, పసిపిల్లల ఆత్మలు, రాత్రి కాకి, చివరికి చర్చి కాపలాదారు ఎదురవుతారు.

నార్స్ అనగానే మనకి గుర్తొచ్చేది ఓడిన్, థోర్, సుత్తి, వల్హాల్లా. పెద్ద బడ్జెట్ గేములన్నీ అటే పోయాయి. ఆ దేవుళ్ళ గురించి మనకి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం 13వ శతాబ్దపు ఐస్‌లాండ్‌లో రాసిన పుస్తకాల్లోంచి వచ్చింది. ‘ఇయర్ వాక్’లో ఆ దేవుళ్ళెవరూ లేరు. ఇందులో ఉన్నది 1700లు, 1800ల స్వీడిష్ రైతు. అతను లూథరన్ క్రైస్తవుడు. ఆదివారం చర్చికి పోతాడు, పాస్టర్ అడిగితే ప్రశ్నోత్తరాలు అప్పజెబుతాడు. వైకింగులకీ ఇతనికీ మధ్య ఏడెనిమిది వందల ఏళ్ళ దూరం. రెంటికీ కలిపి నార్స్ అని ఒకే పేరు పెట్టటంలో ఆ దూరం మాయమైపోతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? ఓర్స్‌గోంగ్‌ని చాలాకాలం క్రైస్తవానికి ముందునుంచీ మిగిలిన ఆచారంగా చూశారు. స్మోలాండ్ జానపదాల మీద మొదటి పెద్ద పుస్తకం రాసిన గున్నార్ ఒలోఫ్ హిల్తేన్-కవాలియుస్ అలాంటివాడే. 1863-68 మధ్య రెండు భాగాలుగా వచ్చిన ఆయన ‘వేరెండ్ ఓక్ విర్దార్నె’ గొప్ప సేకరణ. అందులో ఏడాది నడక కూడా ఉంది. కానీ తన సొంత ప్రాంతపు ప్రతి ఆచారంలోనూ ఆయనకి ప్రాచీన అన్యమతపు జాడే కనబడింది. ఆ కాలం అలాంటిది. ఐరోపా అంతటా చదువుకున్నవాళ్ళు తమ జాతి మూలాలు పల్లెటూళ్ళలో దాగున్నాయని నమ్మి వెతుకుతున్న రోజులు.

ఆచారాన్ని ఒకసారి మళ్ళీ చూడండి. చర్చి లేకపోతే ఈ నడకే లేదు. తాళం కన్నం కావాలంటే తాళం వేసిన చర్చి తలుపు ఉండాలి. ఊది బయటికి పంపాలంటే లోపల క్రైస్తవం ఉండాలి. అప్రదక్షిణం అన్న మాటకి అర్థం రావాలంటే సరైన దిక్కు ఏదో ముందే అందరికీ తెలిసుండాలి. ఇది క్రైస్తవాన్ని ఒప్పుకున్న మనిషి, ఒక్క రాత్రికి దాన్ని అరువు తిప్పి ఇచ్చి, తెల్లారేలోపు మళ్ళీ పుచ్చుకునే పని. పాత దేవుళ్ళ మిగులు కన్నా, చర్చి నీడలోనే మొలిచిన చర్చి వ్యతిరేకం అనటం నయం.

*

ఆ చర్చి ఊరి జీవితంలో ఏమిటో తెలిస్తే ఈ నడక ఇంకాస్త అర్థమవుతుంది. 1686 నాటి చర్చి చట్టం తర్వాత స్వీడన్‌లో పాస్టర్ పని ప్రార్థన చేయించడంతో ఆగలేదు. ఇంటింటికీ తిరిగి ఎవరికి చదవటం వచ్చు, ఎవరికి ప్రశ్నోత్తరాలు కంఠతా వచ్చు అని పరీక్షించి పుస్తకంలో రాసుకోవాలి. పుట్టినవాళ్ళు, పెళ్ళైనవాళ్ళు, పోయినవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు, వెళ్ళినవాళ్ళు, అందరూ ఆ పుస్తకంలోకి రావాలి. 1749లో ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. ప్రతి పారిష్ నుంచీ ఇన్ని జననాలు, ఇన్ని మరణాలు, ఫలానా వయసు, ఫలానా జబ్బు అని పట్టికలు తెప్పించుకోవటం మొదలుపెట్టింది. ఒక దేశమంతటికీ ఆగకుండా సాగుతూ వచ్చిన జనాభా లెక్కల్లో అంత పాతవి ప్రపంచంలో ఇంకెక్కడా లేవు.

ఆ లెక్కల్లో ఏముంది? 18వ శతాబ్దం మధ్యలో పుట్టిన ప్రతి ఐదుగురు పిల్లల్లో ఒకరు మొదటి పుట్టినరోజు చూడలేదు. స్మోలాండ్ రాళ్ళనేల. పొలంలోంచి రాళ్ళేరి గోడలు కట్టుకుంటూ బతికినవాళ్ళు. ఒక్క ఏడాది పంట పోతే ఏమవుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1867లో చలి వదలక ఉత్తరాన పంటలు పోయాయి, మర్నాడు ఏడు ఎండకి దక్షిణాన పోయాయి. 1850ల నుంచి 1930 దాకా సుమారు 13 లక్షలమంది స్వీడన్ వదిలి వెళ్ళిపోయారు, అందులో అత్యధికులు అమెరికాకే. ఎక్కువమందిని పంపిన ప్రాంతాల్లో స్మోలాండ్ ఒకటి.

అలాంటి చోట ‘వచ్చే ఏడాది ఎలా ఉంటుంది’ అన్నది సరదా ప్రశ్న కాదు. మనకి ఉగాదినాడు పంచాంగ శ్రవణం ఉంది, కానీ అది పగటిపూట, పదిమందిలో కూర్చుని వినేది. ఏడాది నడకలో ఒక్కడే వెళ్ళాలి, చీకట్లో వెళ్ళాలి, తెలిసింది నోట్లోనే దాచుకోవాలి.

ఏం కనబడేదని చెప్పేవారు? చర్చి ఆవరణలో కొత్తగా తవ్విన గోతులు. ఇంకా బతికే ఉన్న పొరుగువాళ్ళు వరసగా చర్చివైపు నడిచిపోవటం. కొన్నిసార్లు కళ్ళ కన్నా చెవులకే పని: మంచు కప్పిన పొలంలో కొడవళ్ళ చప్పుడు వినబడితే పంట పండుతుంది. చెక్కలకి మేకులు కొట్టే చప్పుడు వినబడితే ఆ ఇంట్లో శవపెట్టె సిద్ధమవుతున్నట్టు. ఈ ఆచారం మీద పరిశోధన చేసిన టోమీ కూసెలా 2016లో రాసిన వ్యాసానికి పేరు పెట్టింది కూడా ఇలాంటి ఒక దృశ్యంతోనే: నడకకి వెళ్ళినవాడికి తన శవయాత్రే ఎదురవటం.

పాస్టర్ దగ్గర ఒక పుస్తకం ఉంది, అందులో గడిచిన ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లున్నాయి. అదే చర్చి దగ్గరికి అర్ధరాత్రి దొంగతనంగా వెళ్ళినవాడికి ఇంకా రాయని పేజీ కనబడుతుంది. రెండూ ఒకే గోడల మధ్య ఉన్నాయి. ఈ పోలిక నాది, సేకరణల్లో ఎవరూ ఇలా చెప్పలేదు. కానీ తన ఊరివాళ్ళ చావుపుట్టుకలన్నీ ఒక తాళం వెనక పుస్తకంలో ఉన్నాయని తెలిసిన రైతు, వచ్చే ఏటి సంగతి కూడా ఆ తాళం వెనకే ఉందనుకోవటం వింతేమీ కాదు.

*

ఇక దారిలో ఎదురయ్యేవాళ్ళు. గేమ్ వీళ్ళని ఒక్కొక్కరినీ ఒక పజిల్‌గా మార్చింది. ఆడేటప్పుడు పజిల్ మీదే ధ్యాస ఉంటుంది. పూర్తయ్యాక వాళ్ళెక్కణ్ణుంచి వచ్చారో తెలుసుకుంటే మాత్రం వెన్ను చల్లబడుతుంది.

అడవి స్త్రీ సంగతి చూద్దాం. గేమ్ ఆమెని హుల్ద్రా అంటుంది, స్వీడిష్ పల్లెల్లో స్కూగ్స్‌రో అనే పేరు ఎక్కువ. ముందునుంచి అందమైన ఆడది, వెనకనుంచి చూస్తే వీపు పుచ్చిన చెట్టు బెరడులా డొల్ల. అడవిలో బొగ్గు కాల్చేవాళ్ళూ వేటగాళ్ళూ చెప్పుకున్న కథలు ఇవి. రాత్రంతా బొగ్గుబట్టీ దగ్గర ఒంటరిగా కాపలా కాసే మగవాళ్ళకి ఇలాంటి ఊహ రావటం సహజమే అనుకోవచ్చు. అక్కడితో ఆగితే బాగుండేది. 17వ శతాబ్దపు స్వీడిష్ కోర్టులు ఆమెని ఊహ అనుకోలేదు. అడవి స్త్రీతో సంబంధం పెట్టుకున్నానని ఒప్పుకున్న మగవాళ్ళని విచారించి, మరణశిక్షలు వేసిన కేసులున్నాయి. పాస్టర్ల దృష్టిలో ఆమె సైతానుకి ఇంకో రూపం, కాబట్టి అది నేరం. ఈ కోర్టు కాగితాలనే తవ్వి మీకాయెల్ హెల్ రాసిన స్వీడిష్ పుస్తకం కూడా 2013లోనే వచ్చింది, గేమ్ వచ్చిన ఏడాదే.

తర్వాత మీలింగ్‌లు. గేమ్‌లో నాలుగు పసిపిల్లల ఆత్మల్ని వెతికి వాగు గుర్రం దగ్గరికి చేర్చాలి. జానపదంలో మీలింగ్ అంటే బాప్తిస్మం కాకముందే తల్లి చంపి రహస్యంగా పాతిపెట్టిన బిడ్డ. రాత్రిపూట దారిన పోయేవాళ్ళ వీపెక్కి, తనని చర్చి సమాధుల దగ్గరికి మోసుకుపొమ్మంటుంది. మోస్తున్నకొద్దీ బరువెక్కుతుంది. పవిత్రమైన నేల చేరేలోపు మోసేవాడి కాళ్ళు మట్టిలో దిగబడిపోతాయి.

ఈ బిడ్డ ఎక్కడిది? పెళ్ళి కాకుండా గర్భం వచ్చిన పనిమనిషిది. ఆమెకి ఊళ్ళో పరువు పోతుంది, చర్చిలో అందరిముందూ తప్పు ఒప్పుకోవాలి, పని పోతుంది. దాచి కంటే, బిడ్డ చచ్చి దొరికితే, మరణశిక్ష. 18వ శతాబ్దపు స్వీడన్‌లో ఆడవాళ్ళకి మరణశిక్ష పడే నేరాల్లో శిశుహత్య ముందు వరసలో ఉండేది. చంపినకొద్దీ చావులు తగ్గటం లేదని చూసి 1778లో మూడవ గుస్తావ్ రాజు ఇంకో రకం చట్టం తెచ్చాడు. గర్భవతి తనకి తెలియని ఊరికి వెళ్ళి, పేరు చెప్పకుండా కనవచ్చు. ఆమె ఎవరని మంత్రసాని అడగకూడదు. శిక్ష పెంచటం మానేసి, సిగ్గుకి ఒక చాటు కల్పించాలన్న ఆలోచన అది. ఆ రోజులకి చాలా ముందున్న ఆలోచన.

జానపదం మాత్రం అంత దయ చూపలేదు. కథల్లో మీలింగ్ చాలాసార్లు తల్లిని పట్టిస్తుంది. ఆమె పెళ్ళిరోజున, అందరూ నాట్యం చేస్తుండగా వచ్చి తన సంగతి బయటపెడుతుంది. బిడ్డ మీద జాలి ఉంది, ఆ జాలి అంతా తల్లి మీద నేరారోపణగా మారింది. బిడ్డ తండ్రి ఎవరని ఏ మీలింగూ అడిగినట్టు నేను చదవలేదు. చట్టం ఒకవైపు ఆ ఆడమనిషికి పేరు దాచుకునే హక్కు ఇస్తోంది, ఊరి కథ ఇంకోవైపు ఆ పేరే బయటికి లాగుతోంది. దెయ్యం కథలు ఎప్పుడూ బలహీనుల పక్షానే ఉంటాయని మనం సాహిత్య చర్చల్లో తేలిగ్గా అనేస్తుంటాం. మీలింగ్ కథలు ఆ మాటకి ఒప్పుకోవు.

వాగు గుర్రం, స్వీడిష్‌లో బెకాహెస్తెన్, పిల్లలకోసం పుట్టిన భయం. నీళ్ళ పక్కన అందమైన తెల్లగుర్రం నిలబడుంటుంది. ఒక పిల్లాడు ఎక్కితే ఇంకొకడికి చోటుండేలా దాని వీపు సాగుతుంది. అలా పిల్లలందరినీ ఎక్కించుకుని నీళ్ళలోకి దూకేస్తుంది. వాగులూ చెరువులూ నిండిన దేశంలో, పెద్దవాళ్ళంతా పొలంలో ఉండే వేళ, పిల్లల్ని నీటి గట్టుకి దూరంగా ఉంచటానికి ఇంతకన్నా మంచి కాపలా దొరకదు.

చర్చి గ్రిమ్ కథ కట్టడాలది. చర్చి కట్టేటప్పుడు పునాది కింద ఒక ప్రాణిని, చాలా కథల్లో గొర్రెపిల్లని, సజీవంగా పాతేవారట. అది ఆ చర్చికి కాపలా. గేమ్‌లో దానికి మేక తల పెట్టి, చివరి ద్వారం దగ్గర నిలబెట్టారు. గేమ్‌లోకి రాని ముఖ్యమైన పాత్ర ఇంకోటుంది: గ్లూసో అనే ఆడపంది. కళ్ళు నిప్పుల్లా మండుతాయి, వీపు మీద రంపం పళ్ళు. ఏడాది నడకకి వెళ్ళినవాడి కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయి నిలువునా చీల్చేస్తుంది. అందుకని కాళ్ళు దగ్గరగా పెట్టుకోవాలి. కోతలప్పుడు దానికోసం పొలంలో కొన్ని వెన్నులు కోయకుండా వదిలేసే అలవాటు కూడా ఉండేదని సేకరణల్లో ఉంది.

*

ఇవన్నీ మనదాకా ఎలా వచ్చాయి? నియమం ప్రకారం నడిచినవాడు నోరు విప్పకూడదు. అందరూ ఆ నియమం పాటించి ఉంటే మనకి ఒక్క కథా తెలిసేది కాదు. అంటే మన చేతికి వచ్చిన ప్రతి కథా ఎవరో ఒకరు మాట తప్పితే వచ్చిందే, లేదా అసలు నడవని మనిషి చెప్పిందే.

స్వీడిష్ జానపద అధ్యయనంలో ఈ రెండిటికీ తేడా చెప్పినవాడు కార్ల్ విల్హెల్మ్ వోన్ సీదోవ్. ఆయనా స్మోలాండ్‌వాడే, లుండ్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. ఒక మనిషి తనకి జరిగిందని చెప్పేదాన్ని ఆయన మెమోరాట్ అన్నాడు. పదినోళ్ళలో నలిగి కుదురుగా తయారైన కథని ఫాబులాట్ అన్నాడు. 1930లలో పెట్టిన ఈ పేర్లు ఇప్పటికీ వాడుతున్నారు. ఏడాది నడక గురించి లుండ్, ఉప్సాలా ఆర్కైవుల్లో ఉన్న కాగితాల్లో ఎక్కువ భాగం రెండో రకానివే. ‘మా తాతల కాలంలో ఫలానా ఊళ్ళో ఒకడుండేవాడు’ అని మొదలవుతాయి. ‘నేను వెళ్ళాను’ అనేవాళ్ళు అరుదు.

మరి నిజంగా ఎవరైనా నడిచారా? మంచులో నడిచిన అడుగులకి సాక్ష్యం మిగలదు కదా. అయితే పాస్టర్లు ఖండించారు, ఊళ్ళలో నిషేధం అన్నారు, నియమాలు అంత వివరంగా చెప్పుకున్నారు అంటే, వెళ్ళవచ్చన్న ఊహ మటుకు ఊరందరిదీ. ఊళ్ళో ఒకరిద్దరికి ‘వాడు నడిచినవాడు’ అన్న పేరుంటే చాలు. డిసెంబర్ తర్వాత అతను చర్చిలో ఎవరి ముఖం చూసి తల తిప్పుకున్నా ఆ కుటుంబానికి నిద్ర పట్టదు. నడక నిజమైనా కాకపోయినా ఆ నిద్ర పట్టకపోవటం నిజమే.

ఈ ఆర్కైవ్ అన్న విషయాన్ని గేమ్ చాలా తెలివిగా వాడుకుంది. గేమ్‌తోపాటు ఉచితంగా ఇంకో యాప్ ఇచ్చారు. చూడటానికి అది చిన్న జానపద విజ్ఞాన సర్వస్వం. స్కూగ్స్‌రో అంటే ఏమిటి, మీలింగ్ అంటే ఏమిటి అని పేజీలు. రాసింది థియోడోర్ ఆల్మ్‌స్టెన్ అనే పరిశోధకుడు. ఆడుతూ ఆడుతూ మధ్యలో అది తెరిచి చదువుకుంటాం. (గేమ్ ఆడాలనుకునేవాళ్ళు ఇక్కణ్ణుంచి ఒక పేరా వదిలేయండి.)

నడక చివర డేనియల్‌కి కనబడేది స్టీనా చావు, అదీ తన చేతుల్లో. గేమ్ అక్కడ అయిపోయినట్టే ఉంటుంది. కానీ చివర్లో దొరికే ఒక సంకేతంతో ఆ విజ్ఞాన సర్వస్వం యాప్‌లో ఒక తాళం తెరుచుకుంటుంది. లోపల ఆల్మ్‌స్టెన్ డైరీ. అతను కల్పిత పాత్ర. అతనికి పాత కాగితాల్లో డేనియల్ స్వెన్సన్ కేసు దొరికింది. చదివి ఊరుకోలేకపోయాడు. ఎప్పుడో జరిగిపోయిన ఆ హత్యని ఆపాలని తనే ఏడాది నడకకి సిద్ధపడ్డాడు. అంతసేపూ మనకి నెమ్మదిగా నోట్సు చెప్పిన పండితుడు కథలోకి దిగిపోయాడన్నమాట. మళ్ళీ గేమ్‌లోకి వెళ్తే ఈసారి ముగింపు వేరే. స్టీనా బతకటానికి ఒక దారి ఉంది, ఆ దారికి ఖరీదు డేనియల్ ప్రాణం.

స్వీడన్‌లో చివరి బహిరంగ మరణశిక్షలు 1876లో అమలయ్యాయి. అసలు చివరి మరణశిక్ష 1910లో. డేనియల్ కథ కల్పితమే అయినా, అలాంటి మనిషిని జనం ముందు నిలబెట్టి తల నరికిన రోజులు మరీ పాతవి కావు. ఊరి నమ్మకాలని కాగితాల మీదకి ఎక్కించే పని మొదలైన రోజులు కూడా అవే. అర్టూర్ హసేలియుస్ స్టాక్‌హోమ్‌లో తన జానపద మ్యూజియం మొదలుపెట్టింది 1873లో, ఊళ్ళనుంచి పాత ఇళ్ళని తెచ్చి స్కాన్సెన్‌లో నిలబెట్టింది 1891లో. రైతులు ఊళ్ళు వదిలి ఓడలెక్కుతున్నారు, పండితులు వాళ్ళు వదిలేసిన కుర్చీలూ కథలూ ఏరుకుంటున్నారు. ఏరుకునేవాడికి ఆ కథలోని మనిషి పట్ల బాధ్యత ఏమన్నా ఉందా? ఆల్మ్‌స్టెన్ పాత్ర అడిగేది ఈ ప్రశ్నే. ఆర్కైవుల్లో పనిచేసినవాళ్ళెవరికైనా అది తగులుతుంది.

*

ఒక విషయంలో మాత్రం గేమ్ చరిత్రకి దూరంగా జరిగింది. అది చిన్న విషయం కాదు.

పాత కథల్లో నడిచినవాడికి కనబడేది ఊరు. పొరుగువాడి గొయ్యి, అందరి పంట, అందరికీ వచ్చే యుద్ధం. మధ్యలో ఎక్కడో తన శవయాత్ర కూడా కనబడితే కనబడొచ్చు, కానీ తను ఆ వరసలో ఒకడు. డేనియల్‌కి ఊరు అక్కర్లేదు. స్టీనా తనదవుతుందా లేదా, అదొక్కటే కావాలి. ఊరి గురించిన ఆచారాన్ని 2013 నాటి గేమ్ ఒక మగవాడి ప్రేమ ప్రశ్నగా కుదించింది. మనం ఫోన్‌లో ఒక్కళ్ళమే ఆడుకునే ఆట కాబట్టి అలా కుదరటమే బాగుందేమో. కానీ పోగొట్టుకున్నది కూడా ఉంది. తనకి కనబడిన ఇరవై మంది చావుల్ని గుండెలో పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే వాళ్ళ పక్కనే బెంచీ మీద కూర్చుని కీర్తన పాడాల్సిన మనిషి బరువు గేమ్‌లోకి రాలేదు.

ఇంకోటి, స్టీనా. ఆమెకి ఉన్నవి కొన్ని మాటలే. వద్దు, వెళ్ళకు అంటుంది. తర్వాత శవంగా కనబడుతుంది. డేనియల్ ఆమె గురించే అన్ని దెయ్యాల్నీ దాటి వెళ్ళాడు గానీ, గుడిసె తలుపు దగ్గర నిలబడి ఆమెనే ఒక్కమాట సూటిగా అడగలేదు. మీలింగ్ తల్లిలాగే స్టీనా కూడా ఎవరో చెబితే మనకి తెలిసే మనిషి. ఇక్కడ గేమ్ పాత కథల కన్నా ముందుకి పోలేదు. రెండో ముగింపులో ఆమెని బతికించటానికి కూడా ఇంకో మగవాడే రావాల్సొచ్చింది.

అయినా ఈ గేమ్‌ని ఆడమనే చెబుతాను. దీని తర్వాత ఇదే నేలమీద ఇంకొన్ని వచ్చాయి. 2020లో ‘రోకి’, 2023లో స్వీడన్‌నుంచే ‘బ్రాంబుల్’. అవి పెద్దవి, బొమ్మలు ఇంకా బాగుంటాయి. కానీ ఒక ఆచారాన్ని అలంకారంగా పెట్టుకోవటం వేరు, దాని నియమాల్నే ఆట నియమాలు చేయటం వేరు. ‘ఇయర్ వాక్’ రెండో పని చేసింది. ఒంటరిగా ఆడాలి, మాట్లాడే పని లేదు, ఎదిరించే పని లేదు, చూడాలి, చూసింది మోయాలి. చీకటి గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడమని వాళ్ళు చెప్పేది వాతావరణం కోసమే అయినా, నిప్పు కంటబడని గదిలో కూర్చోవాలన్న పాత నియమానికి అది ఎంతో దూరం లేదు.

ఏడాది నడక ఇప్పుడు ఎవరూ నడవరు. ఎందుకు ఆగిపోయిందో సేకరణల్లో ఒక్కటే కారణం ఉండదు. చదువొచ్చింది, దీపాలొచ్చాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. నాకు తోచిన కారణం ఇంకోటుంది. పుట్టిన ఐదుగురిలో ఒకరు పోయే ఊళ్ళో, వచ్చే ఏడాది ఈ చర్చి ఆవరణలో కొత్త గోతులుంటాయన్నది ముందే తెలిసిన సంగతి. తెలియాల్సింది ఎవరివి అన్నదొక్కటే. ఆ పిల్లలు బతకటం మొదలయ్యాక, తాళం కన్నం దాకా వెళ్ళి అడగాల్సిన ప్రశ్న ఊరికి అంత అవసరంగా మిగల్లేదు.